మోషన్ ఆపుకోలేని సమస్య: జీవన నాణ్యత కొలతపై అపోహలు - వాస్తవాలు

కటి కండరాల ఫిజియోథెరపీ నా వృత్తి. మోషన్ ఆపుకోలేక నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ మాట మొదటే చెప్పేవాళ్లు తక్కువ. "కడుపు కాస్త బాగుండటం లేదండీ" అని మొదలుపెడతారు. నోటితో చెప్పడానికే ఇంత కష్టమైనదాన్ని కాగితం మీద కొలవడమంటే అపోహలు పుట్టకుండా ఉంటాయా?

అపోహ: ఎన్నిసార్లు లీకైందో లెక్కపెడితే బాధ ఎంతో తెలిసిపోతుంది.

వాస్తవం: ఒకావిడ మూడు వారాల డైరీ తెచ్చారు. అన్నీ సున్నాలే. వ్యాయామాలు పనిచేశాయని సంబరపడ్డాను. "ఈ మధ్య ఎటైనా వెళ్లొచ్చారా?" అని యథాలాపంగా అడిగితే తల అడ్డంగా ఊపారు. తప్పనిసరిగా బయటికి వెళ్లాల్సి వస్తే ముందురోజు రాత్రి నుంచే తిండి మానేస్తున్నారట. గడప దాటని మనిషికి, దాటినా కడుపు మాడ్చుకుని దాటే మనిషికి ఇంక లీకయ్యేదేముంది? ఆ సున్నాల కోసం ఆవిడ ఏమేం వదులుకున్నారో రాయడానికి నా డైరీలో గడే లేదు. అది నా తప్పు.

ఆ గడి ఉన్న ప్రశ్నావళులు వేరే ఉన్నాయి. 2000లో వచ్చిన ఎఫ్‌ఐక్యూఎల్ (ఫీకల్ ఇన్‌కాంటినెన్స్ క్వాలిటీ ఆఫ్ లైఫ్ స్కేల్, అంటే మోషన్ ఆపుకోలేనివాళ్ల జీవన నాణ్యతను కొలిచేది) వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది. మొత్తం 29 ప్రశ్నలు, నాలుగు భాగాలు: జీవనశైలి, సమస్యతో నెట్టుకొచ్చే తీరు, కుంగుబాటు, సిగ్గు. కొత్త చోటికి వెళ్తే టాయిలెట్ ఎక్కడుందో ముందు చూసుకుంటారా, బయల్దేరే ముందు తిండి తగ్గిస్తారా, పక్కవాళ్లకు వాసన వస్తుందేమోనని భయపడతారా అని అడుగుతుంది. నాలుగింటికీ విడివిడిగా సగటు తీయాలి. కలిపి ఒకే అంకె చేస్తే అసలు సంగతి అందులో మునిగిపోతుంది.

అపోహ: వెక్స్‌నర్ స్కోరు ఒక్కటి చాలు.

వాస్తవం: సమస్య ఎంత తీవ్రంగా ఉందో కొలిచే 1993 నాటి ఈ స్కోరును నేనూ రోజూ వాడతాను, రెండు నిమిషాల పని. గట్టి మలం, పల్చటి మలం, గ్యాస్, ప్యాడ్ వాడకం, జీవనశైలిలో మార్పు. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 20. చిక్కు ఎక్కడంటే, రోజూ గ్యాస్ ఆగక, భయానికి రోజూ ప్యాడ్ పెట్టుకునే మనిషికి 4, 4 కలిపి 8. వారానికోసారి గట్టి మలం, వారానికోసారి పల్చటిది బట్టల్లోనే అయిపోయి, అప్పుడప్పుడు పనులు మానుకునే మనిషికి 3, 3, 2 కలిపి అదే 8. వీళ్లిద్దరి రోజులూ ఒకటేనా? పైగా ఇందులో మోషన్ తొందర, అంటే వచ్చిందంటే వెంటనే పరుగెత్తాల్సి రావడం గురించి ప్రశ్నే లేదు. 15 నిమిషాలు ఆపుకోగలరా అన్నది 1999లో వచ్చిన సెయింట్ మార్క్స్ స్కోరులో చేరింది.

అపోహ: అంకె పెరిగిందంటే నయమైనట్టే.

వాస్తవం: ఎఫ్‌ఐక్యూఎల్‌లో అవును, వెక్స్‌నర్‌లో దానికి సరిగ్గా తలకిందులు. ఫైలు తిరగేసేటప్పుడు ఏ స్కోరో చూసుకోండి.

అపోహ: ఫారం చేతికిస్తే వాళ్లే నింపుకుంటారు.

వాస్తవం: ప్రయాణాలు మానేసింది మోకాళ్ల నొప్పుల వల్లయితే ఎఫ్‌ఐక్యూఎల్‌లో 'వర్తించదు' అన్న గడిలో టిక్కు పెట్టాలి. చెప్పకపోతే మోకాళ్ల నొప్పి కూడా మోషన్ ఖాతాలో పడిపోతుంది. దాంపత్యం గురించిన ప్రశ్న ఖాళీగా వస్తే సమస్య లేదని రాసేసుకోకండి, విడిగా అడగండి.

పక్కన ఎవరు కూర్చున్నారన్నదీ చూడాలి. ఒక పెద్దాయనకు కూతురు ప్రశ్నలు చదివి వినిపిస్తోంది. సిగ్గు గురించి అడిగిన మూడింటికీ "అబ్బే, అలాంటిదేం లేదమ్మా" అన్నారాయన. ఆ అమ్మాయిని కాసేపు బయట కూర్చోమని, పెన్ను ఆయన చేతికిచ్చాను. మూడు టిక్కులూ కొట్టేసి, పక్క గడుల్లో మళ్లీ పెట్టారు.