ఒడ్డున ఆగినవాడు పిరికివాడు కాదు: ధైర్యంపై అపోహలు, వాస్తవాలు

సైన్యంలో ఇంజినీర్ల రెజిమెంటులో పదిహేడేళ్ళు చేసి వచ్చి, ఇప్పుడు పర్లాకిమిడిలో సైన్యం భర్తీకి కుర్రాళ్ళను తయారుచేస్తున్నాను. మైదానానికి కొడుకును వెంటబెట్టుకొచ్చే ప్రతి తండ్రీ దాదాపు ఒకే మాట అంటాడు: "మావాడికి భయమంటే ఏమిటో తెలియదు మాస్టారూ." ఆయన గొప్పగానే చెబుతాడు. నేను మాత్రం ఆ కుర్రవాడి మీద ఒక కన్ను వేసి ఉంచుతాను.

అపోహ: ధైర్యవంతుడికి భయం ఉండదు.

శిక్షణలో మొదటిసారి మందుపాతరల కోసం నేల గుచ్చినప్పుడు నా చెయ్యి వణికింది. బోర్లా పడుకుని, ఉక్కు ఊచను ముప్పై డిగ్రీల ఏటవాలుగా గుచ్చుకుంటూ పోవాలి. నిటారుగా గుచ్చితే పాతరను నెత్తిమీద నొక్కినట్టవుతుంది. అవి ఉత్తుత్తి పాతరలేనని తెలుసు, అయినా వణికింది. ఉస్తాద్ తిడతాడనుకున్నాను. ఆయన పక్కన చతికిలబడి తన అరచెయ్యి చూపించాడు. చెమటతో తడిసి ఉంది. "వణుకు తగ్గాక గుచ్చు, తొందరేమీ లేదు" అన్నాడు.

మా ఇంజినీర్లందరూ తలచుకునే పేరు రామ రాఘోబా రాణే. 1948 ఏప్రిల్‌లో నౌషేరా నుంచి రాజౌరీ వెళ్ళే దారిలో, తూటాలు వస్తుండగా, గాయపడి కూడా రోజుల తరబడి మందుపాతరలు తీసి, అడ్డంగా పడేసిన చెట్లు తొలగించి యుద్ధ ట్యాంకులకు దారి చేశారు. పరమవీరచక్ర వచ్చింది అందుకే. ఆ పనిలో ఒక్క చోట తొందరపడినా ఆయనా మిగలరు, దారీ తెరుచుకోదు.

అపోహ: ఎవరైనా మునిగిపోతుంటే వెంటనే దూకేవాడే మగాడు.

ఇక్కడ ఆగుతాను, ఎందుకంటే మా వైపు ఈ మాట ప్రాణాలు తీస్తోంది. మహేంద్రతనయ కానివ్వండి, వంశధార కానివ్వండి, నిమజ్జనాలప్పుడూ వనభోజనాలప్పుడూ ఒకడు మునిగితే రెండు శవాలు తేలిన సంగతులు మీరూ వినే ఉంటారు. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర ఒక కుర్రవాడు ఉండేవాడు. 1,600 మీటర్లు ఐదున్నర నిమిషాల లోపు పరుగెత్తేవాడు, ఆ జట్టులో వాడే మొదటివాడు. తమ్ముడు నీళ్ళలో జారాడని చూసి చొక్కా కూడా విప్పకుండా దూకాడు. తమ్ముడు ఒడ్డువారగా ఒక పొదను పట్టుకుని బయటపడ్డాడు. అన్న మర్నాడు దొరికాడు. మూడో రోజుకల్లా వీధి చివర "అమర వీరుడు" అని ఫ్లెక్సీ కట్టారు. వాళ్ళమ్మ నన్ను అడిగింది: "వాడు దూకకపోతే పిరికివాడు అనేవారా బాబూ?" అనేవారు. అందుకే నాకు ఆ ఫ్లెక్సీ మీద అంత కోపం.

ఆ రేవు ఏటా మనుషులను కోరుతుందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. రేవు ఎవరినీ కోరదు. ఇసుక తవ్విన గోతులు నీళ్ళ కింద కనబడవు, మోకాలి లోతున్న చోట రెండడుగులు వేస్తే నిలువు లోతు. అంతే సంగతి.

మునిగేవాడు సాధారణంగా కేకలు వేయడు. నోరు నీటి మట్టానికి వచ్చినప్పుడు ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు. నిలువుగా ఉండి, చేతులతో నీటిని కిందికి నొక్కుతుంటాడు. చూసేవారికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఆ స్థితిలో ముందుగా అందినదాన్ని పట్టుకుని దాని మీదికి ఎక్కుతాడు. అందింది మీరైతే మీరే కిందికి పోతారు. ఎంత ఈతగాడైనా ఆ పట్టు విడిపించుకోవడం కష్టం, అందులోనూ కాపాడే పద్ధతి నేర్చుకోనివాడికి.

కాబట్టి ముందు పదిమందిని కేకేయండి. ఒడ్డున బోర్లా పడుకుని వెదురుగడ అందించండి. గడ లేకపోతే చీర, పంచె, తువ్వాళ్ళు ముడివేసి విసరండి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా మనిషిని తేల్చి ఉంచుతుంది. విసిరేటప్పుడు చేతికి బరువు తగలాలంటే అందులో కొంచెం నీళ్ళు పోయండి. తెప్ప ఉంటే తెప్ప. నీళ్ళలోకి దిగడం శిక్షణ ఉన్నవాడి పని.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయకండి, కడుపు నొక్కకండి. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊదండి, తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊదుతూ 108 అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

మిగతావి త్వరగా చెబుతాను.

చనిపోతేనే వీరుడా? ఇంతవరకు పరమవీరచక్ర 21 మందికి ఇచ్చారు. 14 మందికి మరణానంతరం, 7 మందికి బతికుండగానే. ఆ ఏడుగురిలో యోగేంద్ర సింగ్ యాదవ్ కార్గిల్ యుద్ధంలో ఒంటినిండా తూటాలతో టైగర్ హిల్ నుంచి తిరిగి వచ్చారు.

పతకాలు సైనికులకేనా? కాదు. మునిగేవారిని, మంటల్లో చిక్కినవారిని కాపాడిన మామూలు మనుషుల కోసం జీవన రక్షా పతకాలు ఉన్నాయి. అశోకచక్రకు కూడా పౌరులు అర్హులే. 1986లో కరాచీలో హైజాక్ చేసిన విమానంలో ప్రయాణికులను కాపాడుతూ మరణించిన నీర్జా భనోత్‌కు అది దక్కింది.

రోడ్డు మీద పడినవాణ్ణి ఆసుపత్రిలో చేర్చితే కేసు మెడకు చుట్టుకుంటుందా? చుట్టుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ అలా సాయపడినవారికి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. పుకార్లు మాత్రం ఇంకా పాత చట్టం మీదే నడుస్తున్నాయి.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని మాజీ సైనికులు నాతో గొంతు తగ్గించి చెబుతారు, పక్కవాడు వింటే పరువు పోతుందన్నట్టు. అన్నా, మోకాలు దెబ్బ తింటే డాక్టరుకు చూపించుకున్నావు కదా? 14416కు ఫోను చెయ్యి, అది మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్, వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. నేను కూడా అక్కడికే చేశాను.

ఇప్పుడు ప్రతి కొత్త జట్టునూ మొదటి ఆదివారం పరుగుకు కాదు, నది ఒడ్డుకు తీసుకెళ్తాను. పదిహేను మీటర్ల నైలాన్ తాడు, చివర నూనె డబ్బా. నేను నడుము లోతులో నిలబడతాను, వాళ్ళు విసరాలి. ఆ తమ్ముడు కూడా వస్తున్నాడు, పదో తరగతి. నీళ్ళలోకి దిగడు, నేను దిగమనను. మొన్న అతని మొదటి రెండు విసుర్లూ ప్రవాహానికి కొట్టుకుపోయాయి. మూడోసారి నాకు కొంచెం ఎగువకు విసిరాడు. డబ్బా తేలుతూ వచ్చి నా చేతికే తగిలింది.