చేపల్లో ఇనుము, ఫెర్రిటిన్, రోగనిరోధక శక్తి: అపోహలు - వాస్తవాలు

అపోహ: మొప్పలు పాలిపోయాయంటే ఇనుము తక్కువైందని అర్థం, మేతలో వెంటనే పెంచాలి.

వాస్తవం: చేపల వ్యాధి నిర్ధారణలో పనిచేసే నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే నమ్మకం ఇదే. చేపకు ఎంత అవసరమో, దాన్ని పీడించే బాక్టీరియాకూ ఇనుము అంతే అవసరం. విబ్రియో ఆంగ్విలారం అనే బాక్టీరియా ఎర్ర రక్తకణాలను ఛేదించే విషపదార్థాలను విడుదల చేయడమే కాకుండా, ఆంగ్విబాక్టిన్ అనే సైడరోఫోర్ (ఇనుమును పట్టి తెచ్చే చిన్న అణువు) సాయంతో, రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్ పట్టి ఉంచిన ఇనుమును సైతం లాక్కుంటుంది. అటువంటి స్థితిలో అదనంగా ఇచ్చే ఇనుము చేపకు బలమయ్యే ముందే బాక్టీరియాకు ఆహారమయ్యే ప్రమాదం ఉంది.

పాలిపోయిన చేప ప్లీహాన్ని పలుచగా కోసి, ఇనుమును నీలంగా చూపే పెర్ల్స్ రంజకం వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, మెలనోమాక్రోఫేజ్ కేంద్రాలు (నశించిన కణాలను మింగే రంగు కణాల గుంపులు) కొన్నిసార్లు ముదురు నీలంగా కనిపిస్తాయి. ఆ నీలం హీమోసిడెరిన్‌ది, అంటే ఇనుమును దాచే ప్రోటీన్ అయిన ఫెర్రిటిన్ విచ్ఛిన్నమై మిగిలిన ఇనుము నిల్వలది. ఒంట్లో ఇనుము ఉంది. రక్తకణాలు నశించడం వల్ల అది ప్లీహానికి చేరింది.

అపోహ: ఫెర్రిటిన్ కేవలం ఇనుము నిల్వ కోసమే.

వాస్తవం: 24 ఉపభాగాలు కూడి ఏర్పడే ఈ బోలు గోళం వ్యాసం సుమారు 12 నానోమీటర్లు, అందులో దాదాపు 4,500 ఇనుము పరమాణువులు ఇముడుతాయి. క్షీరదాల్లో ఇనుమును ఆక్సీకరించే పని హెచ్ ఉపభాగానిది, లోపల ఖనిజంగా కూర్చే పని ఎల్ ఉపభాగానిది కాగా, చేపల్లోని ఎం ఉపభాగం ఈ రెండింటినీ నిర్వర్తించగలదు. బాక్టీరియా సోకినప్పుడు కాలేయం, ప్లీహం, తలమూత్రపిండాలలో (మూత్రపిండపు ముందుభాగం) ఫెర్రిటిన్ జన్యువుల చురుకుదనం పెరగడం అనేక జాతులలో గమనించారు. ఇందువల్ల స్వేచ్ఛగా తిరిగే ఇనుము బాక్టీరియాకు దొరకదు. అంతేకాక, బాక్టీరియాను మింగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు విడుదల చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ ఇనుముతో చర్య జరిపి చేప కణాలనే కాల్చివేసే ముప్పు కూడా తగ్గుతుంది. నా దృష్టిలో ఈ రెండో పని మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు, కానీ దాని ప్రస్తావన అరుదు.

అపోహ: ఫెర్రిటిన్‌ను యాంటీబయాటిక్‌కు బదులుగా వాడవచ్చు.

వాస్తవం: ప్రయోగశాలలో తయారుచేసిన చేప ఫెర్రిటిన్ కొన్ని బాక్టీరియాల పెరుగుదలను అడ్డుకున్న మాట నిజమే. అయితే పెరుగుదల ఆగడం వేరు, రోగం నయమవడం వేరు. పైగా బాక్టీరియాలకూ బాక్టీరియోఫెర్రిటిన్ వంటి సొంత ఇనుము నిల్వలున్నాయి. కాబట్టి మొప్పలు పాలిపోయినప్పుడు మేతను మార్చే ముందు, మూత్రపిండం నుంచి నమూనా తీసి బాక్టీరియా కల్చర్ చేయించండి, రక్తపు పూతను పరీక్షించండి.