శివారు పిల్లలు, పెద్దల భయాలు: ‘ఓవర్ ది ఎడ్జ్’ నుంచి ‘రివర్స్ ఎడ్జ్’ దాకా

1979లో అమెరికాలో కొద్దిపాటి థియేటర్లలో విడుదలై, ఎవరూ పెద్దగా గమనించకముందే తెర మీది నుంచి తప్పుకున్న ‘ఓవర్ ది ఎడ్జ్’ సినిమాకు ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. ప్రేక్షకులు దాన్ని చూసి ఏమంటారో తెలియకముందే, చూస్తే ఏం చేస్తారోనన్న అనుమానంతో దాని భవిష్యత్తు తేలిపోయింది. శివారు కాలనీల్లో పెరిగే పిల్లల అశాంతిని చూపించే అమెరికన్ చిత్రాలకు వచ్చే స్పందనలో నేటికీ కనిపించే చీలికకు, అంటే పెద్దలు ఉలిక్కిపడుతుంటే అదే దృశ్యాన్ని పిల్లలు తమ కథగా గుర్తుపట్టడానికి, మూలాలు ఈ సినిమా విడుదల తీరులోను, దాని రచయితల్లో ఒకరైన టిమ్ హంటర్ ఏడేళ్ల తరువాత దర్శకత్వం వహించిన మరో చిత్రం ‘రివర్స్ ఎడ్జ్’కు (ఏటి గట్టు అని అర్థం) దక్కిన ఆదరణలోను స్పష్టంగా దొరుకుతాయి.

ఆ శివారు రెండో ప్రపంచ యుద్ధం తరువాత పుట్టింది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు ప్రభుత్వ హామీతో గృహరుణాలు దొరకడం, న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్‌లో 1947లో లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీ నిర్మాణం మొదలై కొద్ది సంవత్సరాల్లోనే 17 వేలకు పైగా ఇళ్లు లేవడం, ఆ ఇళ్లలో శ్వేతజాతీయులు కానివారు నివసించకూడదన్న షరతు ఒప్పంద పత్రాల్లోనే ఉండటం, ఇవన్నీ కలిసి నగరపు గొడవలకు దూరంగా పిల్లలను భద్రంగా పెంచుకునే చోటు అన్న నమ్మకాన్ని నిర్మించాయి. ఆ నమ్మకానికి సినిమా వేసిన మొదటి పెద్ద ప్రశ్న 1955లో వచ్చిన ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’. అందులో దారితప్పిన పిల్లలు మురికివాడల వాళ్లు కారు, మంచి ఇళ్లు, సొంత కార్లు ఉన్న కుటుంబాల వాళ్లు. అదే సంవత్సరం సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ ఆధ్వర్యంలోని ఉపసంఘం బాల నేరాలకు సినిమాలు కారణమా అని లాస్ ఏంజెలెస్‌లో విచారణ జరిపి స్టూడియో అధిపతులను పిలిపించింది. బ్రిటన్‌లో ఆ చిత్రానికి పదహారేళ్ల లోపువారికి చూపకూడని ఎక్స్ సర్టిఫికెట్ ఇచ్చారు. కథానాయకుడు జేమ్స్ డీన్ విడుదలకు కొద్ది వారాల ముందే కారు ప్రమాదంలో చనిపోవడంతో యువతలో ఆ సినిమా మీద వెల్లువెత్తిన అభిమానం ముందు ఈ అభ్యంతరాలేవీ నిలవలేదు.

‘ఓవర్ ది ఎడ్జ్’ కథ శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున మట్టితో పూడ్చిన నేల మీద 1960లలో నిర్మాణం మొదలైన ఫాస్టర్ సిటీ నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఇప్పుడు తెలుగు కుటుంబాలకు బాగానే పరిచయం. అప్పట్లో మాత్రం అది కాగితం మీద గీసిన పటాన్ని బట్టి కట్టిన కొత్త ఊరు. అక్కడి పిల్లలు గుంపులుగా తిరుగుతూ ఆస్తులు ధ్వంసం చేస్తున్న తీరుపై 1973లో శాన్ ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రిక ప్రచురించిన కథనం చార్లీ హాస్, టిమ్ హంటర్‌ల స్క్రీన్‌ప్లేకు ఆధారమైంది. జొనాథన్ కాప్లన్ దర్శకత్వంలో కొలరాడో రాష్ట్రంలో చిత్రీకరణ జరిగింది. పద్నాలుగేళ్ల మ్యాట్ డిలన్‌కు అదే తొలి చిత్రం.

న్యూ గ్రెనడా అనే కల్పిత పట్టణంలో బౌలింగ్ హాలు, సినిమా హాలు కడతామని చెప్పిన స్థలాన్ని బయటి పెట్టుబడిదారులకు అమ్మడానికి పెద్దలు బేరమాడుతుంటారు. పిల్లలకు మిగిలిన ఒక్క చోటు రేకుల షెడ్డులాంటి వినోద కేంద్రం. దాన్నీ మూయిస్తారు. తూటాలు లేని తుపాకీ చూపిన కుర్రవాణ్ని పోలీసు కాల్చి చంపిన తరువాత, తల్లిదండ్రులంతా పాఠశాలలో సమావేశమై ఉండగా పిల్లలు బయటి నుంచి తలుపులు బిగించి, ఆవరణలోని కార్లను తగలబెడతారు. జనాభాలో నాలుగో వంతు పదిహేనేళ్లు, అంతకు తక్కువ వయసువారేనన్న సంగతిని పట్టణ రూపకర్తలు పట్టించుకోలేదని సినిమా మొదట్లో తెర మీద వేసే వాక్యం ఘాటైన నేరారోపణే. నా దృష్టిలో పెద్దలను ఎక్కువగా కలవరపెట్టింది ఆ మంటల కంటే ఈ వాక్యమే. పిల్లలు చెడిపోయారన్న మాటను ఏ తల్లిదండ్రులైనా ఏదో విధంగా సహించగలరు, తాము అప్పు చేసి కొనుక్కున్న ఊరే లోపమన్న మాటను సహించడం కష్టం.

ఈ సినిమాలో పిల్లలు పాటించే కట్టుబాటు ఒకటే: తమలో ఒకడు చేసిన పనిని మరొకడు పెద్దలకు చెప్పకూడదు. పోలీసు కారు మీద గాలితుపాకీ పేల్చిందెవరో తెలిసినా కథానాయకుడు కార్ల్ నోరు విప్పడు. చూసే ప్రేక్షకుడి సానుభూతి పూర్తిగా ఆ మౌనం వైపే ఉంటుంది. ఈ కట్టుబాటును గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాతి చిత్రంలో ఇదే నియమం మరో రూపంలో తిరిగి వస్తుంది.

1979 ఫిబ్రవరిలో విడుదలైన ‘ది వారియర్స్’ అనే ముఠాల కథాచిత్రం ప్రదర్శనలకు వచ్చిన యువకుల మధ్య ఘర్షణలు జరిగి, హత్యలు కూడా నమోదు కావడంతో పారామౌంట్ సంస్థ ప్రకటనలను ఆపేసి, ఇష్టం లేని థియేటర్ల యజమానులు ఒప్పందం నుంచి తప్పుకోవచ్చని ప్రకటించింది. మార్చిలో వచ్చిన ‘బూలెవార్డ్ నైట్స్’ అనే మరో ముఠాల చిత్రం ప్రదర్శనల దగ్గరా గొడవలు జరిగాయి. ఈ వాతావరణంలో ఓరియన్ సంస్థ ‘ఓవర్ ది ఎడ్జ్’ను ఏం చేయాలో తేల్చుకోలేక, పిల్లల కళ్లు ఖాళీగా కనిపించే పోస్టరుతో దెయ్యాల సినిమాలా ప్రచారం చేసి, కొద్ది చోట్ల మాత్రమే ఆడించి వదిలేసింది. విడ్డూరం ఏమిటంటే సినిమాలకు వయసు సర్టిఫికెట్లు ఇచ్చే పరిశ్రమ సంస్థ ఈ చిత్రాన్ని ప్రమాదకరంగా భావించనేలేదు. తల్లిదండ్రుల మార్గదర్శకత్వం సూచించే పీజీ సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చింది, అంటే చట్టం దృష్టిలోనూ నియమం దృష్టిలోనూ పిల్లలు దీన్ని నిరభ్యంతరంగా చూడవచ్చు. అడ్డుపడింది వ్యాపార భయం. ‘ది వారియర్స్’ దగ్గర కొట్టుకున్నది సినిమా చూసి రెచ్చిపోయిన వాళ్లా, లేక ముందునుంచీ వైరం ఉండి ఒకే హాలులో ఎదురుపడ్డ ముఠాలవాళ్లా అన్న ప్రశ్నను తీరిగ్గా విచారించే ఓపిక ఆ రోజుల్లో పంపిణీదారులకు లేదు.

1981 చివర్లో న్యూయార్క్‌లోని పబ్లిక్ థియేటర్‌లో ప్రదర్శించినప్పుడు విమర్శకులు మెచ్చుకున్నారు. అసలు ప్రేక్షకులు మాత్రం కేబుల్ టీవీ ద్వారా వచ్చారు. హెచ్‌బీఓ చానల్ 1980ల తొలినాళ్లలో ఈ చిత్రాన్ని మళ్లీ మళ్లీ ప్రసారం చేయడంతో, హాలుకు రానివ్వకూడదనుకున్న ఆ వయసు పిల్లలే తమ ఇళ్ల హాళ్లలో, అమ్మానాన్నలు ఇంట్లో లేని వేళల్లో, ఏ ఘర్షణా లేకుండా చూశారు. వాళ్లలో ఒకడైన కర్ట్ కొబేన్ తరువాత నిర్వాణ అనే రాక్ సంగీత బృందానికి నాయకుడై, తన వ్యక్తిత్వాన్ని చాలావరకు తీర్చిదిద్దింది ఈ సినిమాయేనని చెప్పాడు. పాఠశాల వ్యాయామశాలలో పిల్లలు తిరగబడే 1991 నాటి నిర్వాణ వీడియోలో ఆ ప్రభావం కనిపిస్తుంది.

రెండో చిత్రం నేపథ్యం ఇంతకంటే చీకటిది. అదే అఖాతం దక్షిణపు కొసన ఉన్న మిల్పిటస్‌లో 1981 నవంబరులో ఒక పదహారేళ్ల కుర్రవాడు తన స్నేహితురాలైన పద్నాలుగేళ్ల బాలికను చంపి, మృతదేహాన్ని తోటి విద్యార్థులకు చూపించాడు. చూసి వచ్చినవాళ్లు వెంటనే పోలీసులకు చెప్పలేదు. దేశవ్యాప్తంగా పత్రికలు చర్చించింది హత్య గురించి తక్కువ, ఈ మౌనం గురించి ఎక్కువ. నీల్ హిమెనెజ్ ఈ సంఘటన ప్రేరణతో రాసిన స్క్రీన్‌ప్లేను టిమ్ హంటర్ ‘రివర్స్ ఎడ్జ్’ పేరుతో తీశాడు. 1986లో చిత్రోత్సవాల్లో కనిపించినా థియేటర్లకు రావడానికి మరుసటి సంవత్సరం దాకా పట్టింది.

ఇందులో హంతకుణ్ని కాపాడటం స్నేహధర్మమని నమ్మి, అందరినీ కూడగట్టడానికి పరుగులు పెట్టే లేన్ పాత్రలో క్రిస్పిన్ గ్లోవర్ చేసిన అతినటన చాలామందికి వెక్కిరింతలా అనిపించింది, కొందరికి నవ్వు తెప్పించింది, మరికొందరికి ఆ నవ్వు వచ్చినందుకే సిగ్గు కలిగింది. నాకు ఆ నటన సరైనదే అనిపిస్తుంది; సినిమాల్లో చూసిన స్నేహాన్ని అనుకరించే కుర్రవాడు సహజంగా ప్రవర్తించడు కదా. కియాను రీవ్స్ పోషించిన మ్యాట్ చివరికి పోలీసులకు చెబుతాడు, కానీ ఎందుకు చెప్పావని అడిగితే గట్టి కారణం చెప్పలేడు. ‘ఓవర్ ది ఎడ్జ్’లో ప్రేక్షకుడు చప్పట్లు కొట్టిన మౌన నియమం ఇక్కడ ఒక బాలిక శవాన్ని ఏటి గట్టున వదిలేస్తుంది. ఇద్దరు దర్శకులు చేసిన వాదోపవాదం కాదిది. మొదటి కథను రాసినవాళ్లలో ఒకడే రెండోదాన్ని తీశాడు కనుక, తన పాత సానుభూతిని తానే తిరిగి ప్రశ్నించుకున్నట్టు కనిపిస్తుంది.

విమర్శకుల్లో రోజర్ ఎబర్ట్ వంటివారు దీన్ని బలంగా సమర్థించారు, స్వతంత్ర చిత్రాలకు ఇచ్చే ఇండిపెండెంట్ స్పిరిట్ పురస్కారాల్లో ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. వ్యతిరేకించినవారి ఫిర్యాదు మాత్రం 1979 నాటిది కాదు. అప్పుడు పిల్లలు ‘ఓవర్ ది ఎడ్జ్’ను చూసి తిరగబడతారని భయపడ్డారు. ఇప్పుడు ఈ పిల్లలకు ఏమీ అనిపించడం లేదని భయపడ్డారు. కోపాన్ని అణచవచ్చు, పోలీసును పంపవచ్చు, కర్ఫ్యూ పెట్టవచ్చు. ఏమీ అనిపించకపోవడానికి ఏ పట్టణ సంఘం దగ్గరా తీర్మానం లేదు. అందుకే ఈ చిత్రం చూసి వచ్చిన పెద్దలు తరచుగా మత్తుమందులు, హెవీ మెటల్ సంగీతం, టీవీ వంటి కారణాల కోసం వెతికారు. హంటర్ అవన్నీ తెర మీద చూపించాడు, కానీ వాటిలో ఏ ఒక్కదాన్నీ దోషిగా నిలబెట్టలేదు. తీర్పు కోరి వచ్చిన ప్రేక్షకుడికి తీర్పు దొరకకపోవడమే ఇలాంటి చిత్రాలు రేపే అసహనంలో పెద్ద భాగమని నా అభిప్రాయం.

2003లో వచ్చిన ‘థర్టీన్’ నాటికి పరిస్థితి మరో మలుపు తిరిగింది. పదమూడేళ్ల వయసులో నిక్కీ రీడ్ తన అనుభవాల ఆధారంగా దర్శకురాలు క్యాథరిన్ హార్డ్‌విక్‌తో కలిసి దాన్ని రాసింది కాబట్టి, ఇదంతా పెద్దల ఊహ అని కొట్టిపారేసే దారి మూసుకుపోయింది. సండాన్స్ చిత్రోత్సవంలో హార్డ్‌విక్‌కు దర్శకత్వ పురస్కారం, తల్లి పాత్రధారి హాలీ హంటర్‌కు ఆస్కార్ నామినేషన్ దక్కాయి. దొంగతనం, మత్తు, చేతి మీద కోసుకోవడం చూపించినందుకు దానికి ఆర్ సర్టిఫికెట్ వచ్చింది. ఆ నిబంధన ప్రకారం పదిహేడేళ్లు నిండనివారు తల్లిదండ్రులో, సంరక్షకులైన పెద్దలో వెంట ఉంటేనే హాలులోకి వెళ్లాలి. పాతికేళ్ల క్రితం ఒక పీజీ చిత్రాన్ని పిల్లల కంట పడకుండా వ్యాపారం తప్పించింది. ఇప్పుడు కథలోని అమ్మాయి వయసువాళ్లు ఆ కథను హాలులో చూడాలంటే, నిబంధన ప్రకారమే, పక్క సీట్లో ఒక పెద్దమనిషి కూర్చోవలసి వచ్చింది.