గాలియం: సొంత గని లేని లోహం

గాలియం 29.76 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చల్లని దేశాల్లో రాసిన కెమిస్ట్రీ పుస్తకాలు దీన్ని "గది ఉష్ణోగ్రత వద్ద ఘనపదార్థం, అరచేతిలో పెట్టుకుంటే కరిగిపోతుంది" అని పరిచయం చేస్తాయి. మన దగ్గర ఆ వాక్యం సగం రోజులే నిజం. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఒక సీసాలో గాలియం పెడితే, దాన్ని ఎవరూ ముట్టుకోకుండానే వెండిరంగు ద్రవంగా మారుతుంది. పైగా ఒకసారి కరిగిందంటే అంత తేలిగ్గా గడ్డకట్టదు. ఏసీ గదిలో 24 డిగ్రీలకు తెచ్చినా చాలాసేపు ద్రవంగానే ఉండిపోతుంది. అందులో చిన్న గాలియం పలుకు ఒకటి వేస్తేనే, దాని చుట్టూ స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది.

ఇంత తక్కువ వేడికి కరిగే లోహాలు మరికొన్ని ఉన్నాయి. పాదరసం మనకు తెలిసిందే, కానీ దాని ఆవిరి విషం. సీజియం 28.5 డిగ్రీలకే కరుగుతుంది, అయితే నీళ్లు తగిలితే పేలుతుంది. గాలియం వీటితో పోలిస్తే సాధువు. మామూలు ఉష్ణోగ్రతల్లో దీనికి ఆవిరంటూ దాదాపు ఉండదు, చేతికి బూడిదరంగు మరక అంటుతుంది అంతే. అన్నిటికంటే వింతైన సంగతి, 30 డిగ్రీల లోపే కరిగే ఈ లోహాన్ని మరిగించాలంటే 2,200 డిగ్రీలు దాటాలి. అంత పెద్ద ఉష్ణోగ్రతల పరిధిలో ద్రవంగా ఉండే లోహాలు చాలా అరుదు.

దీనికి కారణం పరమాణువుల అమరికలో ఉంది. రాగిలో, అల్యూమినియంలో ప్రతి పరమాణువు చుట్టూ పన్నెండు పరమాణువులు సమాన దూరంలో ఉంటాయి. ఘన గాలియంలో అలా కాదు. ప్రతి పరమాణువుకూ ఒకే ఒక్క దగ్గరి పొరుగు ఉంటుంది, మిగతావన్నీ కాస్త ఎడంగా ఉంటాయి. అంటే పరమాణువులు జతలు జతలుగా ఉన్నాయన్నమాట. జతలోని బంధం గట్టిది, జతకూ జతకూ మధ్య పట్టు బలహీనం. కొద్దిపాటి వేడికే ఆ అమరిక చెదిరిపోతుంది. కరిగాక మాత్రం పరమాణువులు మరింత దగ్గరగా సర్దుకుని, అన్ని వైపులా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే ఆ ద్రవాన్ని ఆవిరి చేయడం అంత కష్టం. ద్రవంలో అవి దగ్గరగా ఉంటాయి కాబట్టి, గడ్డకట్టేటప్పుడు గాలియం మంచులాగే వ్యాకోచిస్తుంది, దాదాపు 3 శాతం. గాజు సీసాలో నిండా పోసి చల్లబరిస్తే సీసా పగులుతుంది. ప్లాస్టిక్ సీసాల్లో అమ్మేది అందుకే.

స్వచ్ఛమైన గాలియం ఎప్పుడూ కచ్చితంగా ఒకే ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది కాబట్టి, 1990లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఉష్ణోగ్రతా ప్రమాణంలో దాని ద్రవీభవన స్థానాన్ని, 29.7646 డిగ్రీలను, ఒక స్థిర బిందువుగా చేర్చారు. ప్రామాణిక ప్రయోగశాలల్లో థర్మామీటర్లను సరిచూసే గుర్తుల్లో అదొకటి. గాలియం, ఇండియం, తగరం కలిపితే వచ్చే గాలిన్‌స్టాన్ అనే మిశ్రమం సున్నా కంటే దాదాపు 19 డిగ్రీలు కింద దాకా ద్రవంగానే ఉంటుంది. జ్వరం చూసే గాజు థర్మామీటర్లలో పాదరసం బదులు ఇప్పుడు దాన్నే పోస్తున్నారు.

అల్యూమినియం దగ్గరికి మాత్రం దీన్ని రానివ్వకూడదు. అల్యూమినియం రేకు పైపొరను గీకి ఒక చుక్క ద్రవ గాలియం వేస్తే, కొన్ని గంటల్లో ఆ రేకు చేత్తో విరిచేంత పెళుసవుతుంది. అల్యూమినియం సన్నని స్ఫటిక రేణువుల కూర్పు. గాలియం ఆ రేణువుల మధ్య సరిహద్దుల్లోకి ఇంకిపోతుంది. ఇటుకలన్నీ బాగానే ఉండి మధ్యలో సున్నం మాత్రం కరిగిపోయిన గోడలా తయారవుతుంది ఆ రేకు. చాలా విమానాలు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమాలతో చేసినవే కాబట్టి, విమాన రవాణా నిబంధనల్లో గాలియం ప్రమాదకర సరుకు, లోహాలను తినేసే రకం.

ఈ లోహాన్ని చూడకముందే దాని లెక్క తేల్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. 1871లో రష్యా రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ మూలకాలను వరుసలో పేర్చిన తన ఆవర్తన పట్టికలో అల్యూమినియం కింద గడి ఖాళీగా వదిలి, అక్కడ ఇంకా దొరకని మూలకం ఒకటి ఉండాలన్నాడు. దాని పరమాణు భారం 68 దాకా ఉంటుందనీ, సాంద్రత 5.9 అనీ, తక్కువ వేడికే కరుగుతుందనీ, బహుశా వర్ణపట పరిశీలనలోనే బయటపడుతుందనీ రాశాడు. నాలుగేళ్లకు, 1875 ఆగస్టులో, ఫ్రాన్స్‌లో లకోక్ ద బ్వాబోద్రాన్ అనే రసాయన శాస్త్రవేత్త పిరనీస్ పర్వతాల్లోని పియెర్‌ఫిట్ గని నుంచి తెచ్చిన జింకు ఖనిజాన్ని పరీక్షిస్తూ, వర్ణపటంలో అంతకుముందు ఎవరూ చూడని రెండు ఊదారంగు గీతలు చూశాడు. అదే గాలియం.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది తర్వాత జరిగిన సంగతి. బ్వాబోద్రాన్ లోహాన్ని వేరుచేసి సాంద్రత కొలిస్తే 4.7 వచ్చింది. లోహాన్ని కళ్లతో చూడని మెండలీవ్, నమూనా శుద్ధంగా లేదేమో, మళ్లీ కొలవమని సూచించాడు. ఆయన మరింత శుద్ధి చేసి కొలిచాడు. 5.9 వచ్చింది. పరమాణు భారం దాదాపు 69.7గా తేలింది. అప్పటిదాకా ఆవర్తన పట్టికను ఒక తెలివైన అమరికగా మాత్రమే చూసినవాళ్లకు, అది ప్రకృతి నియమమని నమ్మకం కుదిర్చిన మొదటి మూలకం ఇదే.

అయినా ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్లు గాలియంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. టీ కప్పులో పెడితే మాయమయ్యే చెంచా చేసి చూపించడం లాంటి వినోదాలే మిగిలాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాత్రం ఒక చీకటి పనికి వాడారు. ప్లుటోనియం వేడిని బట్టి తన స్ఫటిక రూపం మార్చుకుంటూ ఉంటుంది, కొన్ని రూపాల్లో పెళుసుగా ఉంటుంది. దానిలో కొద్దిగా గాలియం కలిపితే మలచడానికి వీలైన రూపంలో నిలబడుతుంది. నాగసాకిపై వేసిన బాంబు గర్భంలో ఉన్నది ఆ మిశ్రమమే.

గాలియం దశ తిరిగింది ఒంటరిగా కాదు, ఆర్సెనిక్‌తోనూ నైట్రోజన్‌తోనూ జతకట్టాకే.

సిలికాన్‌లో ఎలక్ట్రాన్ పై శక్తి స్థాయి నుంచి కిందికి దిగినప్పుడు ఆ శక్తి చాలావరకు వేడిగా పోతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో అదే శక్తి కాంతిగా బయటికొస్తుంది. టీవీ రిమోట్ ముందు భాగంలో ఉండే బుల్లి ఇన్‌ఫ్రారెడ్ దీపం మొదలుకొని సీడీ ప్లేయర్‌లోని లేజర్ దాకా ఈ గుణం మీదే నడుస్తాయి. ఇంకో గుణం, ఇందులో ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో కంటే దాదాపు ఆరు రెట్లు చురుగ్గా కదులుతాయి. అందుకే సెల్‌ఫోన్ నుంచి టవర్‌కు సిగ్నల్ పంపే చిప్ చాలా ఫోన్లలో సిలికాన్‌ది కాదు, గాలియం ఆర్సెనైడ్‌ది. అంగారకుడిపై తిరిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల సోలార్ పలకల్లోనూ గాలియం పొరలే ఉన్నాయి.

హైదరాబాద్‌కు దీనితో నేరుగా సంబంధం ఉంది. నగరం దక్షిణాన విజ్ఞాన కంచలో, రక్షణ పరిశోధనా సంస్థ డీఆర్‌డీవోకు చెందిన గేటెక్ అనే కేంద్రం ఉంది. ఆ పేరులోని మొదటి అక్షరాలే గాలియం ఆర్సెనైడ్‌వి. రాడార్లకూ ఉపగ్రహాలకూ కావలసిన మైక్రోవేవ్ చిప్‌లు అక్కడ తయారవుతాయి. ఇటీవల గాలియం నైట్రైడ్ చిప్‌ల తయారీకీ ఆ కేంద్రం చేరుకుంది. ఇలాంటి చిప్‌లను మిగతా దేశాలు మనకు అమ్మడానికి సందేహిస్తాయి. మన ఇంజనీర్లు మన ఊళ్లో కూర్చుని వాటిని తయారుచేస్తున్నారంటే అది చిన్న విషయం కాదు. తెలుగు పత్రికల్లో దాని గురించి ఇంకా ఎక్కువ రాయాలనిపిస్తుంది.

గాలియం నైట్రైడ్ కథ పట్టుదల కథ. ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది, తర్వాత ఆకుపచ్చ వచ్చింది. నీలం రాలేదు. నీలం లేనిదే తెల్లని వెలుతురు లేదు. గాలియం నైట్రైడ్‌తో నీలం సాధ్యమని సిద్ధాంతం చెబుతున్నా, దాని స్ఫటికం పగుళ్లు లేకుండా పెరిగేది కాదు. చాలామంది వదిలేశారు. జపాన్‌లోని నగోయాలో ఇసాము అకసాకి, ఆయన విద్యార్థి హిరోషి అమానో వదల్లేదు. 1986లో నీలమణి పలక మీద ముందు అల్యూమినియం నైట్రైడ్ పలుచని పూత వేసి, దానిపై మంచి స్ఫటికాన్ని పెంచగలిగారు. మిగిలిన చిక్కు, దీపం వెలగడానికి కావలసిన ధనావేశ వాహకాలు, మెగ్నీషియం కలిపినా ఆ పదార్థంలో ఏర్పడకపోవడం. ఎలక్ట్రాన్ పుంజం కింద పెడితే అది పనిచేస్తోందని వాళ్లు గమనించారు. ఎందుకో తేల్చింది నిచియా కంపెనీలో పనిచేస్తున్న షుజీ నకమురా. స్ఫటికం పెరిగేటప్పుడు చేరిన హైడ్రోజన్ మెగ్నీషియంను కట్టిపడేస్తోంది, వేడిచేస్తే ఆ హైడ్రోజన్ వదిలిపోతుంది. 1993కల్లా కళ్లు మిరుమిట్లు గొలిపే నీలం ఎల్‌ఈడీ తయారైంది. ముగ్గురికీ 2014 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఆ నీలం దీపం మీద ఫాస్ఫర్ అనే పసుపు రంగులో వెలిగే పొడి పూస్తే తెల్లని వెలుతురు వస్తుంది. మన ఇళ్లలోని ఎల్‌ఈడీ బల్బు అదే. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ప్రతి దాంట్లో కంటికి ఆననంత గాలియం ఉంది. ఈమధ్య అరచేతిలో పట్టే ఫాస్ట్ చార్జర్ల మీద "గాన్" అని రాసి ఉంటోంది, అదీ గాలియం నైట్రైడే. ఇది ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటుంది, సిలికాన్ కంటే వేగంగా స్విచ్ అవుతుంది. స్విచ్ వేగం పెరిగేకొద్దీ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే చాలు. చార్జర్ సైజు తగ్గింది అందుకే.

లోహంగా గాలియం చేసిన గొప్ప పని ఒకటి మాత్రం జనానికి అంతగా తెలియదు. సూర్యుడి కేంద్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసినప్పుడు న్యూట్రినోలు అనే, దేనికీ తేలిగ్గా చిక్కని సూక్ష్మ కణాలు పుడతాయి. వాటిలో అత్యధికం శక్తి తక్కువగా ఉన్నవి. అమెరికాలో క్లోరిన్‌తో చేసిన తొలి ప్రయోగానికి అవి చిక్కవు. గాలియం-71 కేంద్రకం అంత తక్కువ శక్తి న్యూట్రినోను కూడా పట్టుకుని జర్మేనియం-71గా మారగలదు. దాంతో 1990 ప్రాంతంలో రెండు ప్రయోగాలు మొదలయ్యాయి. కాకసస్ పర్వతాల కింద బక్సాన్‌లో దాదాపు 50 టన్నుల ద్రవ గాలియంతో సేజ్, ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద గాలియం క్లోరైడ్ ద్రావణంలో 30 టన్నుల గాలియంతో గాలెక్స్. టన్నుల కొద్దీ లోహంలో ఏర్పడే జర్మేనియం పరమాణువులు రోజుకు ఒకటో రెండో. వాటి అర్ధజీవితం, అంటే సగం క్షీణించిపోయే సమయం, 11.4 రోజులే. కొన్ని వారాలకోసారి ఆ గుప్పెడు పరమాణువులను రసాయనికంగా వేరుచేసి, అవి క్షీణించేటప్పుడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. మనుషులు చేసిన అతి సున్నితమైన రసాయన పనుల్లో ఇదొకటి.

లెక్క ప్రకారం రావలసిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువే వచ్చాయి. సూర్యుడి కేంద్రంలో కలయిక జరుగుతోందనడానికి అది రుజువు, న్యూట్రినోలు దారిలో రకం మార్చుకుంటున్నాయనడానికి బలమైన సూచన. అక్కడితో అయిపోలేదు. బక్సాన్‌లోనే, న్యూట్రినోలు వెదజల్లే, తీవ్రత కచ్చితంగా తెలిసిన క్రోమియం-51ను గాలియం మధ్యలో పెట్టి చూసిన బెస్ట్ ప్రయోగంలోనూ దాదాపు 20 శాతం తక్కువే వచ్చాయి. ఆ తేడా ఎందుకో ఇప్పటికీ తేలలేదు.

వైద్యంలో గాలియం-68 అనే రేడియోధార్మిక రూపం ఉంది. అర్ధజీవితం 68 నిమిషాలే. జర్మేనియం-68 నింపిన చిన్న జనరేటర్ నుంచి ఆసుపత్రిలోనే అప్పటికప్పుడు తీసి, క్యాన్సర్ కణాలకు అంటుకునే అణువుకు తగిలించి రోగికి ఎక్కిస్తారు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో చూపే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ చాలాచోట్ల దీనితోనే. హైదరాబాద్ లాంటి నగరాల్లో అందుబాటులో ఉంది. గాలియం అయాన్ ఇనుప అయాన్‌ను పోలి ఉండటంతో బ్యాక్టీరియా పొరబడి లోపలికి తీసుకుంటుంది. ఇనుములా అది ఎలక్ట్రాన్‌ను ఇచ్చిపుచ్చుకోలేదు కాబట్టి బ్యాక్టీరియా పనులు ఆగిపోతాయి. దీన్ని మందుగా మలిచే పరిశోధన సాగుతోంది.

ఇన్ని పనులు చేసే లోహానికి సొంత గని లేదు. భూమి పైపొరలో సీసం ఉన్నంత గాలియం ఉంది, కానీ ఎక్కడా ఒకచోట పోగుపడదు. బాక్సైట్‌లో టన్నుకు 50 గ్రాముల చొప్పున, అల్యూమినియం పక్కనే దాగి ఉంటుంది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ఫ్యాక్టరీలో బాక్సైట్‌ను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగిస్తారు. గాలియం కూడా కరుగుతుంది. అల్యూమినాను వేరుచేశాక అదే ద్రావణాన్ని మళ్లీ మళ్లీ వాడతారు కాబట్టి గాలియం అందులో పేరుకుంటుంది. రెజిన్‌తో దాన్ని పట్టి, విద్యుద్విశ్లేషణతో లోహం తీసి, చిప్‌లకు పనికొచ్చేలా 99.9999 శాతం శుద్ధి చేయాలి. ఈ అదనపు సరంజామా పెట్టుకోకపోతే గాలియం ఎర్రమట్టి వ్యర్థంతో, అల్యూమినాతో కొట్టుకుపోతుంది.

చైనా తన అల్యూమినా ఫ్యాక్టరీల్లో ఆ సరంజామా పెట్టింది. ధరలు పడిపోయి 2013, 2016 మధ్య కజకిస్థాన్, హంగేరీ, జర్మనీ ప్లాంట్లు ఆగిపోయాయి. ఇప్పుడు ప్రపంచపు ముడి గాలియంలో దాదాపు 98 శాతం చైనాదే. ఏడాదికి మొత్తం ఉత్పత్తి వందల టన్నుల్లోనే. 2023 ఆగస్టు 1 నుంచి చైనా ఎగుమతులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. 2024 డిసెంబరులో అమెరికాకు పూర్తిగా ఆపేసింది, ఏడాది తర్వాత తాత్కాలికంగా సడలించింది.

భారత గనుల శాఖ 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో గాలియం ఉంది. ఒకప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని రేణుకూట్‌లో, తమిళనాడులోని మెట్టూరులో అల్యూమినా ఫ్యాక్టరీలు గాలియం తీశాయి కూడా. కీలక ఖనిజం అనగానే కొత్త గనుల మాట వస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో బాక్సైట్ తవ్వకాలను గిరిజనులు ఎందుకు వ్యతిరేకించారో మనకు తెలుసు. గాలియం పేరు చెప్పి ఆ కొండలను మళ్లీ బేరానికి పెట్టనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. అదే తూర్పు కనుమల వరుసలో, ఒడిశాలోని దామన్‌జోడిలో, ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో దశాబ్దాలుగా అల్యూమినా తీస్తోంది, కొంత విశాఖ పోర్టు నుంచే విదేశాలకు పోతోంది. తవ్వేసిన బాక్సైట్‌లోని గాలియం అక్కడి ద్రావణంలో ఇప్పటికే తిరుగుతూ ఉంది. ముందుగా కావలసింది దాన్ని పట్టే రెజిన్ ప్లాంటూ, చిప్‌లకు సరిపడేంత శుద్ధి చేసే ప్లాంటూ, ధర పడినప్పుడు వాటిని మూసేయకుండా కాపాడే కొనుగోలు హామీ.