మనిషిని మోసే డ్రోన్ వెనక వందేళ్ల కథ

2023 అక్టోబరులో చైనా విమానయాన శాఖ ఈహాంగ్ సంస్థ తయారుచేసిన ఈహెచ్216-ఎస్ అనే మనిషిని మోసే డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్ ఇచ్చింది, అంటే దాని డిజైన్ ఎగరడానికి సురక్షితమేనని ఒప్పుకుంది. ఇద్దరు కూర్చోవచ్చు, పైలట్ ఉండడు. ఇదేదో నిన్నమొన్న పుట్టిన ఆలోచన అనిపిస్తుంది. కానీ నాలుగు రోటర్లతో, అంటే గిరగిరా తిరిగే రెక్కలతో, మనిషిని పైకి లేపడం 1922లోనే జరిగింది.

రష్యా నుంచి అమెరికా వలస వచ్చిన జార్జ్ డి బోథెజాట్, అక్కడి సైన్యం కోసం డేటన్‌లో ఒక భారీ యంత్రం కట్టాడు. ఆ డిసెంబరులో అది నేలకు ఆరడుగుల ఎత్తున ఒక నిమిషం 42 సెకన్లు నిలిచింది. లేపడం కుదిరింది గానీ అదుపు చేయడమే చాలా కష్టమైంది. పైలట్‌కు ఊపిరాడనంత పని. కొన్నాళ్లకు సైన్యం ఆ ప్రయత్నం వదిలేసింది.

రోటర్లు లేకుండా ఎగిరే ప్రయత్నమూ జరిగింది. 1961 ఏప్రిల్ 20న అమెరికాలో నయాగరా దగ్గర హెరాల్డ్ గ్రాహం వీపుకు రాకెట్ బెల్టు కట్టుకుని 13 సెకన్లలో 112 అడుగులు ఎగిరాడు. ఆ బెల్టును ఎంత మెరుగుపరిచినా 21 సెకన్లకల్లా ఇంధనం అయిపోయేది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ ప్రారంభంలో ప్రపంచమంతా చూసి మురిసింది ఇలాంటి బెల్టునే.

అంటే రెండు చిక్కుముడులు: గాలిలో నిలకడ, మోసుకెళ్లాల్సిన ఇంధనం బరువు.

మొదటిది విప్పింది స్మార్ట్‌ఫోన్లే అంటాను. వాటి వల్ల ఒరుగును పసిగట్టే సెన్సర్లు చిన్నవై, చవకయ్యాయి. కంప్యూటర్ సెకనుకు వందలసార్లు ఆ ఒరుగు చూసి ఒక్కో మోటారు వేగాన్నీ సరిచేస్తుంది. రెండు కాళ్ల రోబో పడిపోకుండా నడవడం వెనకా ఇలాంటి లెక్కే ఉంది. 2011 అక్టోబరులో జర్మనీలో థామస్ సెంకెల్ 16 మోటార్ల యంత్రం మీద 90 సెకన్లు ఎగరగలిగాడంటే కారణం ఇదే.

రెండో ముడి అలాగే ఉంది. కిలో జెట్ ఇంధనంలో సుమారు 12,000 వాట్-అవర్ల శక్తి ఉంటే, కిలో లిథియం బ్యాటరీలో 250 అటూఇటూ. ఎలక్ట్రిక్ మోటారు శక్తిని పొదుపుగా వాడుతుంది కాబట్టి తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పైగా ఇంధనం కాలేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు తగ్గదు. అందుకే ఈహాంగ్ యంత్రం ఒక్క ఛార్జింగుతో వెళ్లేది 30 కిలోమీటర్లే. సెంకెల్ ప్రయోగం నుంచి ఎదిగిన వోలోకాప్టర్ సంస్థ 2024 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఏఐ వస్తే అన్నీ సర్దుకుంటాయనే మాట నేను ఒప్పుకోను. అది దారి చూస్తుంది, అడ్డం వస్తే తప్పిస్తుంది. బ్యాటరీలో ఎంత శక్తి పట్టాలో తేల్చేది రసాయనమే.

మన వరి చేలల్లో మందు కొట్టే డ్రోన్‌ను చూడండి. గాలి వీచినా గీత గీసినట్టు పోతుంది, ముచ్చటేస్తుంది. కాసేపటికే దించి, గట్టు మీద పెట్టుకున్న ఇంకో బ్యాటరీ వేస్తారు. అది మోసేది పది లీటర్ల మందు. మనిషి బరువు దానికి ఆరేడు రెట్లు.