సముద్రం మీద రాసే పేపర్లు: కాకినాడ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

"సార్, 72 గంటల్లో పేపర్ వేసేస్తారంటండి. ఎనిమిది వేలే." మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయి పోయిన ఏడాది ఫోన్ నా ముందు పెట్టాడు. ఆ జర్నల్ పేరులో 'ఇంటర్నేషనల్' రెండుసార్లు ఉంది. అదే మెయిల్‌లో నర్సింగ్, కామర్స్ పేపర్లు కూడా పంపమని ఆహ్వానం. మావాడి పేపరేమో ఉప్పాడ తీరంలో కెరటాల ఎత్తు అంచనా గురించి.

పదకొండేళ్లు సముద్రం అడుగున పైప్‌లైన్ల పని చేసి, తర్వాత కాకినాడలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ని. రెండు మూడు జర్నళ్లకి రివ్యూలు, అంటే అచ్చుకి ముందు పేపర్లని పరిశీలించే పని, కూడా చేస్తుంటాను. ఆఫ్‌షోర్, మెరైన్ ఇంజినీరింగ్ పేపర్ల గురించి ఇక్కడి కుర్రాళ్లు అడిగేవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

అపోహ: డబ్బు అడిగితే దొంగ జర్నల్. ఊరికే వేస్తేనే అసలుది.

ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. 'ఓషన్ ఇంజినీరింగ్' లాంటి వాటిలో మామూలు పద్ధతిలో వేస్తే రాసినవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు, చదివేవాళ్ల లైబ్రరీ కడుతుంది. 2013లో మొదలైన 'జర్నల్ ఆఫ్ మెరైన్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్' పూర్తిగా ఓపెన్ యాక్సెస్. చదవడం ఉచితం, వేయించుకోవడానికి మన డబ్బుల్లో రెండు లక్షలు దాటుతుంది. అంత కట్టినంత మాత్రాన నాణ్యతకి హామీ దొరకదు. వైలీ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉన్న హిందావీ జర్నళ్ల నుంచి 2023 ఒక్క ఏడాదే 8,000కి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు.

మావాడికి వచ్చిన మెయిల్‌లో అనుమానించాల్సింది ఎనిమిది వేలని కాదు, 72 గంటలని. నా దగ్గరికొచ్చిన పేపర్ ఒకటి సరిగ్గా చదవడానికే రెండు ఆదివారాలు పోతాయి.

అపోహ: స్కోపస్‌లో ఉంటే ఇక చూడక్కర్లేదు.

స్కోపస్ అంటే ఎంపిక చేసిన జర్నళ్ల డేటాబేస్. జర్నళ్లు అందులోకి వస్తుంటాయి, పోతుంటాయి. అసలు జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్ పెట్టి డబ్బు గుంజేవాళ్లూ ఉన్నారు. యూజీసీ కూడా తను గుర్తించిన జర్నళ్ల 'కేర్' జాబితాని 2025 ఫిబ్రవరిలో ఆపేసి, మంచిచెడ్డలు తేల్చుకునే బాధ్యత సంస్థలకే వదిలేసింది. ఇంతకాలం జాబితాలో పేరుందా లేదా అని టిక్కు పెట్టుకున్న కమిటీలు ఇప్పుడు పేపర్ తెరిచి చదవాలి. కొందరికి అదే టెన్షన్.

అపోహ: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత ఎక్కువైతే పేపర్ అంత పనికొచ్చేది.

జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లని ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నదే ఆ అంకె. అది జర్నల్ లెక్క, ఒక్కో పేపర్ లెక్క కాదు. పైగా రెండేళ్లంటే మా రంగంలో ఒక డిజైన్ కాగితం మీద తేలడానికే చాలదు. నీళ్లలో నిలబెట్టిన స్తంభం మీద కెరటం ఎంత బలంతో పడుతుందో మోరిసన్, ఆయన సహచరులు 1950లో రాశారు, అదీ పెట్రోలియం ఇంజినీర్ల సంచికలో. ఇవాళ్టికీ సముద్రంలో నిలిచే చమురు ప్లాట్‌ఫామ్ కాళ్ల లెక్క దాంతోనే మొదలవుతుంది.

ఇంకో సంగతి. సముద్రంలో నిజంగా ఏం విరిగింది, ఎందుకు విరిగింది అన్నది కంపెనీల ఇంజినీర్లు ఎక్కువగా కాన్ఫరెన్సుల్లోనే చెబుతారు. హ్యూస్టన్‌లో 1969 నుంచి జరుగుతున్న ఆఫ్‌షోర్ టెక్నాలజీ కాన్ఫరెన్స్ అలాంటిదే. మన ప్రమోషన్ లెక్కల్లో వాటికి మార్కులు తక్కువని మనవాళ్లు చదవడమే మానేశారు. పైప్‌లైన్ పనిలో నాకు అక్కరకొచ్చిన పేపర్లలో సగానికి పైగా అక్కడివే.

అపోహ: చమురు, గ్యాస్ పని అయిపోయింది. ఇప్పుడంతా విండే.

కాకినాడ దగ్గరి గాడిమొగకి 2009లో గ్యాస్ తెచ్చిన సముద్రపు బ్లాకు కేజీ-డీ6లో ఉత్పత్తి తర్వాత బాగా పడిపోయిన మాట నిజమే. కానీ అదే బ్లాకులో 2,000 మీటర్లకి పైగా లోతున్న ఆర్-క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం 2020 డిసెంబర్‌లో మొదలైంది. ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకు నుంచి తొలి చమురు 2024 జనవరిలో వచ్చింది. నీళ్ల మీద తేలే విండ్ టర్బైన్ల గురించి జర్నళ్లలో పేపర్లు పెరిగాయి, కాదనను. 2017లో స్కాట్లాండ్ తీరంలో హైవిండ్ అనే తేలే విండ్ ఫామ్ తిరగడం మొదలయ్యాక ఊపు ఇంకా పెరిగింది. అయితే వాటిని తెరిచి చూస్తే లోపలున్నది పాత చుట్టాలే: తేలేదాన్ని అడుగుకి కట్టి ఉంచే మూరింగ్ గొలుసులు, పదేపదే ఊగి లోహం అలిసిపోయే ఫెటీగ్, కెరటాలకి ఊగే కేబుళ్లు. రైజర్ (సముద్రం అడుగు నుంచి పైకి వచ్చే పైపు) లెక్కలు చేసిన చేతికి ఆ కేబుల్ లెక్క కొత్తేం కాదు. పైన టర్బైన్‌ని తోసే గాలి, కింద కెరటం కలిసి ఒకేసారి ఊపడం ఒక్కటే కొత్తగా నేర్చుకోవాలి.

అపోహ: మెషిన్ లెర్నింగ్ పెడితే పేపర్ తీసుకుంటారు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మావాడి పేపర్ ఇదే. విశాఖ దగ్గరి వేవ్‌రైడర్ బోయా (నీళ్ల మీద తేలుతూ కెరటాల ఎత్తు కొలిచే పరికరం) డేటా, అరగంటకో రీడింగ్, మూడేళ్లది. అరగంట ముందు అంచనా. అంచనా ఎంత సరిపోయిందో చెప్పే ఆర్-స్క్వేర్ (1 అయితే పక్కా) 0.99. వాడి మొహం వెలిగిపోతోంది.

"డేటా ఎలా విడగొట్టావు?" అన్నాను.

"ర్యాండమ్‌గానండి. ఎనభై శాతం ట్రైనింగ్, ఇరవై టెస్ట్."

పేకముక్కలు కలిపినట్టు కలిపేశాడన్నమాట. పదింటికి కెరటం 1.2 మీటర్లుంటే పదిన్నరకి 1.25 ఉంటుంది, పదకొండింటికి మళ్లీ అంతే. పదిన్నర రీడింగ్ టెస్ట్‌లో ఉండి, అటూఇటూ ఉన్న రెండూ ట్రైనింగ్‌లో ఉంటే మోడల్ నేర్చుకున్నదేముంది? పరీక్షకి ముందురోజు పేపర్ లీకైనట్టే. "అరగంట క్రితం ఎంతో ఇప్పుడూ అంతే" అని కళ్లు మూసుకుని చెప్పి చూడమన్నాను. చెప్పి చూస్తే దాదాపు అదే మార్కు వచ్చింది. వాడు కాసేపు మాట్లాడలేదు.

రెండో తప్పు దీనికంటే పెద్దది. ఆ మూడేళ్లలో పెద్ద తుఫాను ఒక్కటీ లేదు. 1996 నవంబర్ 6న కోనసీమని తుడిచిపెట్టిన రాత్రి లాంటిది మోడల్ ఎప్పుడూ చూడలేదు. చూడనిదాన్ని అది తక్కువగానే చెబుతుంది. మనం జెట్టీ కట్టేది మాత్రం ఆ రాత్రి కోసమే.

నేను రివ్యూ చేసేటప్పుడు అడిగేవి ఇవి: ఏళ్లవారీగా విడగొట్టారా, ఒక తుఫానుని పూర్తిగా పక్కన పెట్టి పరీక్షించారా, పెద్ద కెరటాల దగ్గర తప్పు ఎంతో విడిగా చూపించారా, కళ్లు మూసుకుని చెప్పే పద్ధతి కంటే ఎంత మెరుగు. ఈ నాలుగూ లేని పేపర్లు ఇప్పుడు వరదలా వస్తున్నాయి. 72 గంటల జర్నల్ అయితే ఆ 0.99ని అలాగే అచ్చేసేది.

అపోహ: మన తీరం మీద రాస్తే విదేశీ జర్నళ్లు వేయవు.

నేనూ చాలాకాలం ఇదే అనుకున్నాను. తీరం కోత మీద మూడు నెలల కొలతలతో నేను పంపిన మొదటి పేపర్‌ని ఎడిటర్ నాలుగు రోజుల్లో తిప్పి పంపాడు. మనమంటే చిన్నచూపని తిట్టుకున్నాను. రెండేళ్లయ్యాక మళ్లీ చదివితే అది అచ్చం రెవెన్యూవాళ్ల నివేదికలా ఉంది. కోత ఎంతన్నది ఉంది, ఎందుకన్నది లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో కృష్ణా, గోదావరి డెల్టాల మీద రాసిన పేపర్ చూడండి. 1970లలో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేదని, 2000 తర్వాత అది 6 కోట్ల లోపుకి పడిపోయిందని, ఆనకట్టల వెనక ఆగిన ఆ మట్టికీ వెనక్కి జరుగుతున్న తీరానికీ సంబంధం ఉందని చూపించారు. మంచి విదేశీ జర్నల్‌లోనే వచ్చింది. డెల్టాలున్న ఏ దేశంవాళ్లకైనా అది పనికొచ్చే ప్రశ్న. మన తీరానికి ఎదుట సముద్రం అడుగున గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న గ్యాస్) కోసం 2006లో డ్రిల్లింగ్ నౌక జాయిడిస్ రిజల్యూషన్, 2015లో జపాన్ నౌక చిక్యూ తవ్వాయి. ఆ ఫలితాలకి 'మెరైన్ అండ్ పెట్రోలియం జియాలజీ' ప్రత్యేక సంచికలే వేసింది.

"ఉప్పాడలో కోత" అంటే దినపత్రికలో వార్త. కాకినాడ ఎదుట సముద్రంలోకి సాగిన హోప్ ఐలాండ్ ఇసుక నాలుక ఒకవైపు తీరాన్ని కాపాడుతుంటే, దానికి ఉత్తరాన ఉన్న తీరం ఎందుకు కోతకి గురవుతోంది, గోడ కడితే ఆ కోత ఎటు జరుగుతుంది అంటే ప్రశ్న.

డేటా కోసం కంపెనీల కాళ్లు పట్టుకోనక్కర్లేదు. 1940 నుంచి గంటగంటకీ గాలి, కెరటాల లెక్కలిచ్చే ఈఆర్ఏ5 డేటా, పది మీటర్ల స్పష్టతతో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. దొరకనిది ఒడ్డు దగ్గరి కొలత. అందుకే మావాడు ఉప్పాడ ఎదుట కాంక్రీటు దిమ్మకి ప్రెషర్ సెన్సర్ కట్టి దింపాడు. ఇరవైమూడో రోజున ఫోన్. "మాష్టారూ, మీ డబ్బా మా వల్లో పడిందండి. వల చిరిగిపోయింది." మరబోటాయనకి వల డబ్బులిచ్చి, గుల్లలు పట్టిన సెన్సర్ తెచ్చుకుని, రెండు రోజుల్లో మళ్లీ దింపాం.

ఆ పేపర్ ఇప్పుడు రివ్యూలో ఉంది. ఆర్-స్క్వేర్ 0.99 కాదు, చాలా తగ్గింది. దాని గురించి రెండో రివ్యూయర్ ఏమీ అనలేదు. గ్రాఫ్‌లో ఇరవైమూడో రోజు తర్వాత రెండు రోజుల ఖాళీ ఎందుకుందని మాత్రం అడిగాడు. మావాడు వల సంగతి ఉన్నదున్నట్టు రాసి పంపాడు.