గుండెకు చిల్లు పెట్టి బతికించే వైద్యం

‘గుండెలో రంధ్రం’ అనే మాట చెవిన పడితే చాలు, ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమంటుంది. పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఏదైనా మనకు ఆ ఒక్క పేరే తెలుసు. కానీ వాటిలో ఒక జబ్బు ఉంది, అందులో బిడ్డ ప్రాణం కాపాడేదే రంధ్రం. అది చిన్నదైతే డాక్టర్లు పనిగట్టుకుని పెద్దది చేస్తారు.

ఆ జబ్బు పేరు ట్రాన్స్‌పొజిషన్. ఆ పిల్లల్లో గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారై ఉంటాయి. ఒంటికి రక్తం పంపే బృహద్ధమని గుండె కింది గదుల్లో కుడిది, అంటే కుడి జఠరిక నుంచి, ఊపిరితిత్తులకు పంపే పుపుస ధమని ఎడమ జఠరిక నుంచి మొదలవుతాయి. దాంతో శుభ్రపడిన రక్తం మళ్లీ ఊపిరితిత్తులకే, చెడు రక్తం మళ్లీ ఒంటికే తిరుగుతుంటాయి. కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ద్వారా ఆక్సిజన్ అందుతుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. పుట్టాక బిడ్డ నీలంగా మారుతుంది. చామనఛాయ పిల్లల్లో ఇది చర్మం మీద సరిగా కనిపించదు, నాలుక చూడాలి.

రెండు రక్తాలూ కాస్త కలిసేది గుండె పై గదులైన కర్ణికల మధ్య ఉండే రంధ్రం వల్ల, ఆ రెండు ధమనులనూ కలిపే డక్టస్ అనే చిన్న నాళం వల్ల. పుట్టాక ఆ దారులు మూసుకుపోవడం ప్రకృతి ధర్మం. ఇప్పుడు ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఎక్కించి డక్టస్‌ను తెరిచి ఉంచుతున్నారు. రంధ్రం సంగతి 1966లో ఫిలడెల్ఫియా డాక్టర్ విలియం రాష్‌కిండ్ చూసుకున్నాడు. తొడ దగ్గరి సిరలోంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపి, ఎడమ కర్ణికలో దాని చివరి బెలూన్‌ను ఉబ్బించి, ఒక్క గుంజు గుంజాడు. మధ్య గోడ చిరిగింది. మొరటు పనే, కానీ ప్రాణం నిలిచింది.

అది గడువు కొనుక్కోవడం మాత్రమే. ధమనులను కోసి అటుదిటు అతికిస్తే సరిపోదా? సరిపోదు. గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీ ధమనులు బృహద్ధమని మొదట్లోనే పుడతాయి. వాటిని అక్కడే వదిలేస్తే గుండెకే ఆక్సిజన్ కరువవుతుంది. పసిబిడ్డలో వాటి లావు ఒకటి, రెండు మిల్లీమీటర్లు! అందుకే సర్జన్లు సెన్నింగ్ 1958లో, మస్టర్డ్ 1963లో ధమనుల జోలికి పోకుండా కర్ణికల్లోనే రక్తం దారి మళ్లించారు. పిల్లలు పెరిగి పెద్దయ్యారు కానీ, ఊపిరితిత్తుల వరకే తోయడానికి పుట్టిన కుడి జఠరిక ఒళ్లంతటి బరువు మోయలేక చాలామందిలో నీరసించింది.

1975లో బ్రెజిల్ సర్జన్ అదిబ్ జాటెనె ధమనులను అటుదిటు మార్చి, కరోనరీలను చుట్టూ కాస్త ధమని గోడతో సహా చొక్కా గుండీల్లా కత్తిరించి, బృహద్ధమని కొత్త మొదట్లో కుట్టాడు. ఆ బిడ్డకు జఠరికల మధ్య కూడా రంధ్రం ఉంది. దాని వల్లే ఎడమ జఠరిక బలం తగ్గలేదు. ఆ రంధ్రం లేని పిల్లల్లో ఊపిరితిత్తుల వరకే తోసే ఎడమ జఠరిక వారాల్లోనే మెత్తబడిపోతుంది. అందుకే వాళ్లకు మొదటి రెండు మూడు వారాల్లోనే ఆపరేషన్ చేస్తారు.

మూడు కిలోల బిడ్డలో ఉండే రక్తం పావు లీటరు. ఒంటిని చల్లబరిచి, గుండెను ఆపి, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుడతారు. ఆఖరున రక్తాన్ని ఆపి ఉంచిన క్లాంపు (బిగింపు పరికరం) తీయగానే సర్జన్ ముందు చూసేది కండరం రంగునే. ఎక్కడైనా గులాబీ రంగు తేరకపోతే, కరోనరీ మెలిక పడిందేమోనని ఆ కుట్టు విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.